బొట్టు పెట్టిన బోర్డు

ఆ ఆదివారం మధ్యాహ్నం రాజాంలోని ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: మంచం మీద కూర్చుని ఒత్తులు చేసుకుంటున్న నానమ్మ నారాయణమ్మ, వంటింట్లో జంతికలు వేస్తున్న అమ్మ అనూరాధ, వీధి వైపు కిరాణా కొట్లో కూర్చుని ఇంట్లో ఉన్నట్టూ లేనట్టూ ఉండే నాన్న జగన్నాధం, మంచం కింద పిల్లి, బల్ల ముందు గోళ్లు కొరుక్కుంటున్న కన్యకాపరమేశ్వరి. వీళ్లందరూ బాగానే ఉన్నారు. బాగాలేనిది బల్ల మీదున్న ఆర్డ్యునో బోర్డు ఒక్కటే.

అరచేతిలో ఇమిడిపోయే నీలం రంగు పలక అది. కంప్యూటర్లో ప్రోగ్రాం రాసి దానిలోకి ఎక్కిస్తే చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. మొన్నటి నుంచి మాత్రం ఏం చెప్పినా వినడం లేదు.

బోర్డు కన్యకది కాదు, ఉపేంద్రది. పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ప్రాజెక్టు కోసం సారు ఇద్దర్నీ ఒక జట్టులో వేశారు. ధాన్యం గోదాము తలుపు ఎవరైనా తెరిస్తే కూతపెట్టే అలారం వాళ్ల ప్రాజెక్టు. మూడు నెలలుగా అతను మాట్లాడుతున్నాడు, ఆమె తల ఊపుతోంది. పదో తరగతి దాకా పల్లెటూరి బళ్లో ఆడపిల్లల బెంచీలో చివర కూర్చున్న పిల్లకి మగపిల్లాడి ఎదురుగా గొంతు పెగలదు. రాత్రి డైరీలో మాత్రం పేజీలకు పేజీలు అతనితో మాట్లాడేస్తుంది.

రేపే కాలేజీలో ప్రదర్శన. "మా హాస్టల్లో దొంగలెక్కువ, నీ దగ్గరుంచు" అని గురువారం బోర్డు ఆమె చేతిలో పెట్టాడు. అది చచ్చిపోతే ప్రాజెక్టు పోతుంది. ప్రాజెక్టు పోతే ఉపేంద్ర ఈ సందులో అడుగుపెట్టడానికి ఇంకే వంకా ఉండదు. కన్యకకి భయం దాని గురించే.

అందుకే పొద్దున్న మెసేజ్ పెట్టింది, రెండే మాటలు: 'బోర్డు లేవట్లేదు.'

వాన మొదలైన కాసేపటికి సందు గుమ్మంలో ఉపేంద్ర నిలబడి ఉన్నాడు, గెడ్డం నుంచి నీళ్లు కారుతూ. చొక్కా లోపల దాచిన లాప్‌టాప్ మాత్రం పొడిగా ఉంది.

"పేషెంటెక్కడ?" అన్నాడు.

కన్యక బల్ల వైపు చూపు తిప్పింది.

"ఏ కేబుల్ పెట్టేవు?"

ఆమె కేబుల్ ఎత్తి చూపించింది. అతను నవ్వాడు. "ఇది సెల్లు ఛార్జింగుది కదా! కొన్నిట్లో కరెంటు తీగలే ఉంటాయి, మాటలెల్లే తీగలుండవు. ఇదిగో, నాది పెట్టు."

కొత్త కేబుల్ పెట్టారు. బోర్డు మీద పచ్చ లైటు ఎప్పట్లాగే వెలిగింది. ఈసారి లాప్‌టాప్‌లో పోర్టు, అంటే బోర్డు తగిలిన దారి, కూడా కనబడింది. కన్యక గుండె కూడా వెలిగింది. ఉపేంద్ర ప్రోగ్రాం ఎక్కించాడు. తెర కింద నారింజ రంగులో ఎర్రర్ వరసలు వచ్చి పడ్డాయి.

"పోర్టు సరిగ్గానే ఉన్నాది. బోర్డు పేరూ సరిగ్గానే ఎంచుకున్నాం. మరేటి దీని బాధ? పోనీ, తీగలన్నీ పీకీసి చూద్దాం."

తలుపు తెరవడం కనిపెట్టే సెన్సరు తీగలు, కూతపెట్టే బజరు తీగలు అన్నీ పీకి, ఒట్టి బోర్డు పెట్టి చూశాడు. మళ్లీ అవే నారింజ వరసలు.

"సూడు కన్యకా," అన్నాడు గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "ఈ బోర్డూ నువ్వూ అప్పసెల్లెళ్లు. లైటు వెలుగుతాది. ఎన్నిసార్లు పిలిసినా పలుకుండదు."

కన్యకకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగేసింది.

జంతికలు తీసుకెళ్లమని వంటింట్లోంచి అమ్మ పిలిచింది. కన్యక గిన్నె తెచ్చి పెట్టేసరికి అతను బోర్డుని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ముఖంలో ఇందాకటి సరదా లేదు.

"దీని మీదున్న చిప్పు కాలిపోయినట్టున్నాది. పోనీలే, తప్పు నాదే. పాత బోర్డిది. రేపు సారుకి నేనే పాడుసేసేనని సెప్పీస్తాను. నువ్వేటీ భయపడకు."

అతను తిట్టి ఉంటే కన్యక తల దించుకుని ఊరుకునేది. తప్పు తన నెత్తిన వేసుకునేసరికి ఇంక ఆగలేకపోయింది.

"నీది కాదు!"

ఉపేంద్ర నోట్లో జంతిక అలాగే ఆగింది.

"మొన్న శుక్కురవారం నానమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టీసింది. మా ఇంటికి ఏటి కొత్తగా వచ్చినా పెట్టీస్తాది. కాటాకి పెట్టింది, ఫ్రిజ్జుకి పెట్టింది, నాన్న సెల్లుకీ పెట్టింది. నువ్వు చూస్తే నవ్వుతావని నేను తడిగుడ్డతో తుడిసీసేను. అప్పట్నుంచే ఇది ఇలాగైపోయింది. నిన్నే చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. నువ్వు మళ్లీ నాకేటీ ఇవ్వవేమోనని..."

ఊపిరి అందక ఆగింది. చెవులు మండిపోతున్నాయి. బయట వాన రేకుల మీద దంచుతోంది.

"ఓలమ్మ!" అన్నాడు ఉపేంద్ర. "ఇన్ని మాటలున్నాయా నీకాడ!"

"ఏటే కన్నకా," అంది నానమ్మ, మంచం మీంచే. "నేను పెట్టిన బొట్టు తుడిసీసేవా? పాపం, పసుపూ కుంకం లేని ముండ లాగుంటే పనెలా సేస్తాది?"

"మామ్మా," ఉపేంద్ర చటుక్కున లేచాడు, "బొట్టు ఎక్కడ పెట్టేరు? సరిగ్గా సెప్పండి."

"ఎక్కడేటి బాబూ, నుదుటి మీద. మూలని ఎర్రగా, గుండ్రంగా ఉన్నాది కాదేటి? అదే నుదురనుకున్నాను. గట్టిగా ఒత్తి పెట్టేను, రాలిపోకుండా."

ఉపేంద్రా కన్యకా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి నోటా ఒకే మాట వచ్చింది.

"రీసెట్ బటన్!"

ఆ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ బోర్డు నిద్రలోనే ఉంటుంది. ఉపేంద్ర వేలితో నొక్కి చూశాడు. టిక్కుమనలేదు. పసుపు ముద్ద బటన్ సందుల్లోకి దిగి, ఎండి, దాన్ని లోపలే పట్టేసింది. కన్యక పైపైన తుడిచిన నీళ్లు దాన్ని ఇంకాస్త లోపలికి దించాయి.

"కాలిపోలేదు!" అని అరిచింది కన్యక. తన గొంతేనా అని తనకే అనుమానం వచ్చింది. "స్పిరిట్ కావాలి. నానమ్మా, నీ సుగరు ఇంజక్షన్ స్పిరిట్!"

"సందూకం మీదున్నాది. పిన్నీసు కూడా కావాలేటి?" నానమ్మ గాజులకి వేలాడుతున్న పిన్నీసుల్లోంచి సన్నది ఎంచి ఇచ్చింది.

కేబుల్ తీసేశారు. దూదిని స్పిరిట్‌లో ముంచి ఆమె బటన్ మీద అద్దుతుంటే, అతను బోర్డుని పట్టుకున్నాడు. పసుపు కరిగి దూది బంగారం రంగుకి తిరిగింది. పిన్నీసు మొనతో అంచులు గీరింది. అతని ఊపిరి ఆమె వేళ్ల మీద తగిలి పిన్నీసు పక్కకి జారింది.

"మెల్లగా, డాక్టరమ్మా."

"నువ్వు ఊపిరి పీల్చకు మరి!"

"పీల్చకపోతే నేను పోతాను!"

"రేపటి దాకా ఆగు."

నానమ్మ కిసుక్కున నవ్వింది.

టిక్.

ఎంత చిన్న చప్పుడో! బటన్ పైకి లేచింది. స్పిరిట్ ఆరేదాకా విసనకర్రతో విసిరి, కేబుల్ పెట్టారు. పచ్చ లైటు పక్కన ఇంకో చిన్న లైటు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. ఈసారి ప్రోగ్రాం ఒక్క ఎర్రర్ లేకుండా ఎక్కింది.

"బతికింది!" కన్యక గెంతిన గెంతుకి పిల్లి మంచం కిందనుంచి పరుగెత్తింది. కొట్లోంచి నాన్న "ఏటక్కడ?" అని కేకేశాడు. "ఏటీ లేదు, పాసయిపోనారు" అని నానమ్మే జవాబిచ్చింది.

తీగలు మళ్లీ కలిపి, బోర్డుకి సెల్లు ఛార్జరుతో కరెంటిచ్చి, సెన్సరు సందు గుమ్మానికీ అయస్కాంతం తలుపుకీ అంటించి పరీక్షించారు. తలుపు తీస్తే బజరు కుయ్యిమంది. మూస్తే ఆగింది. తీశారు, మూశారు, పదిసార్లు నవ్వారు.

వాన తగ్గింది. బోర్డు రేపటిదాకా ఇక్కడే ఉంచమని చెప్పి ఉపేంద్ర లాప్‌టాప్‌తో గుమ్మం దాటాడు. సాగనంపడానికి కన్యక మెట్టు మీదికొచ్చింది. తెరిచిన తలుపు వెనక బజరు కూస్తూనే ఉంది.

"రేపు సారు ముందు నువ్వే మాటాడాలి!" ఆ కూతకి మించి అరిచాడు. "నేను తలూపుతాను!"

ఆమె తల ఊపబోయి మానుకుంది. "సరే!"

"ఇంకోటి! మా హాస్టల్లో దొంగలెవరూ లేరు!"

కన్యకకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత చెంపలు వేడెక్కాయి. అతను కూడా ఎదురుగా చూడలేక చూరు నుంచి కారే చుక్కల వైపు చూస్తున్నాడు. ఇవాళ రాత్రి డైరీలో రాసుకోవలసిన మాట నాలుక చివరికొచ్చి నిలబడింది. కళ్లు మూసుకుని అనేసింది.

"ప్రాజెక్టు అయిపోయినా వస్తావా?"

బజరు కుయ్యోమంటోంది.

"ఏటీ? వినబళ్లేదు!"

వెనక నానమ్మ వచ్చింది. రెండు చెవులూ మూసుకుని ఉంది. మోచేత్తో కన్యకని మెల్లగా ఒక మెట్టు కిందికి తోసింది.

"ఆ అబ్బాయికి వినబళ్లేదంట. మళ్లీ సెప్పు."

అని తలుపు మూసేసింది. బజరు ఆగిపోయింది.