మూడో పిలుపుకి పలికే ఇల్లు

వాన ఆమని అనే అమ్మాయి చెప్పిన కథలో పడిందో, ఆమె నాకు ఆ కథ చెబుతున్నప్పుడు బయట పడిందో, ఇప్పుడు నిశ్చయంగా చెప్పలేను. ఇల్లు మాత్రం నిజం. అశోక్‌నగర్‌లో, ఒక లోపలి సందులో ఉంది. దాని ముందు నిలబడి ఫోన్లో మాట్లాడవద్దంటారు ఆ సందువాళ్ళు. మనం అన్న మాట అవతలికి చేరదట... ఇంకెవరో వింటారట.

కరోనా రోజుల్లో ఆ ఇంట్లోని ఆఫీసు ఖాళీ అయింది. మనుషులు మళ్ళీ రాలేదు. మేడమీది గదిలో ఒక కంప్యూటర్ మాత్రం వెలుగుతూ ఉండిపోయింది. ఉద్యోగులు తమ తమ ఇళ్ళలో కూర్చుని దానితోనే పని జరుపుకుంటారు. వారు పంపే ప్రతిదీ చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి దాన్ని చేరాలి. పగలు చేరుతున్నాయి. చీకటి పడితే — దారిలో ఎక్కడో మాయమవుతున్నాయి.

వాటి జాడ తీయడం కొత్తగా చేరిన ఆమని పని. "రేపటికి కుదరకపోతే ఇంక మీరు పని చేయనక్కర్లేదమ్మా," అన్నారు యజమాని జోగారావు గారు, మెత్తగానే. చిక్కడపల్లిలోని తన గదినుంచి ఆమని చేయగలిగిందంతా చేసింది. చివరికి నారాయణగూడ కేబుల్ మెకానిక్ ఎల్లేష్‌ని వెంటబెట్టుకుని, రాత్రివేళ ఆ ఇంటికే వచ్చింది.

పైగది తాళంచెవి చేతిలోనే ఉంది. మెట్లెక్కబుద్ధి కాలేదు. ఎల్లేష్ గోడకున్న పెట్టె తెరిచి తీగలు తడుముతుంటే, ఆమె మెట్లమీద ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుని పైనున్న కంప్యూటర్‌కి పింగ్ పంపింది. పింగ్ అంటే పిలుపే — ఉన్నావా అని.

జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. లేదు. మూడోసారికి... ఉన్నానంది.

కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టింది. రెండు పిలుపులు పోయాయి, మూడోదానికి పలికింది. ఎన్నిసార్లు చేసినా అంతే.

ఎల్లేష్ టార్చి దించాడు. "అక్కా, జర ఆపుండ్రి."

"ఏమైందన్నా?"

"మా దిక్కు రాత్రిపూట ఎవలన్న పిలిస్తే మూడోసారిదాంక పలకరు. దయ్యమైతే రెండుసార్లే పిలుస్తదట."

"మనం మూడోసారీ పిలుస్తున్నాంగా. మనుషులమే."

"నాకెర్కనే అక్కా. పైనున్నదానికి ఎర్క కావాలె గద."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఈ ఇంటికి భయపడేవాళ్ళ గురించే ఆమని ఇంతవరకూ వింది. మరి ఈ ఇల్లే తమకి భయపడుతోందా? మనిషి జాడలేని గదిలో, చీకట్లో, ఎక్కడెక్కడినుంచో వచ్చి పడే పిలుపులకి...

ఉద్యోగం పోతుందన్న బెంగే లేకపోతే ఆమె ఆ పని చేసేది కాదు. లేచి, పైమెట్లకేసి చూస్తూ గుసగుసగా అంది: "నా పేరు ఆమని. మనిషినే. మీరు వెంటనే పలక్కపోతే రేపు నా ఉద్యోగం పోతుంది."

మళ్ళీ పిలిచింది. తెరమీద జవాబులు వరసకట్టాయి. తెల్లవార్లూ ఒక్కటీ పోలేదు.

ఆమె ఉద్యోగం నిలిచింది. ఎల్లేష్ చెయ్యి తగిలి, వదులైన తీగేదో సర్దుకుని ఉంటుందన్నాను నేను. అయి ఉండవచ్చునంది.

ఒక్కటి మాత్రం కావాలనే వదిలేశాను. ఆమె తన పేరు చెప్పాక, పైగదిలోంచి కూడా ఒక పేరు వినిపించింది. అదేమిటో నాకు చెప్పింది. ఇక్కడ రాయలేదు — ఎవరైనా పైకి చదివితే, పిలిచినట్టవుతుంది.