చిత్తం అనని నాంచారి

గువ్వలదుర్గానికి పట్టిన శని పేరు వంకదంతుడు. నల్లకొండ మీద కోట కట్టుకున్న ఆ రాక్షసుడు ఏటా చాటింపు వేయించేవాడు: "మా కోటలో కొలువు ఖాళీ! తెలివైన పిల్లలు రావాలహో!" వెళ్ళినవాళ్ళు తిరిగివచ్చింది లేదు. కొండ మీద గొర్రెల మంద మాత్రం పెరుగుతూ పోయింది. రాజుగారేమో "మంచి కొలువే దొరికినట్టుంది" అంటూ మరో జట్టును సాగనంపేవాడు. సిగ్గుండక్కర్లేదూ!

గంపలల్లే సుబ్బన్న కూతురు నాంచారికి ఒళ్ళు మండిపోయింది. కిందటేడు వెళ్ళిన ఆమె అన్న కోనప్ప జాడ లేదు. అన్నను తీసుకునే వస్తానని ఆమె అడవిదారి పట్టింది.

అడవి మొదట్లో వినయముని ఆశ్రమం. కొలువుకు వెళ్ళేవాళ్ళకు తర్ఫీదు ఇవ్వడం ఆయన పని.

"తల దించు. దొర ఏమన్నా సరే, 'చిత్తం ప్రభూ' అనాలి. ఏదీ, అను!"

నాంచారి పొద్దుగూకేదాకా అంది.

"మీ అన్నకూ ఇదే నేర్పాను. బంగారంలాంటి శిష్యుడు!" అన్నాడు ముని.

"మీ శిష్యుల్లో ఒక్కరైనా తిరిగొచ్చారా స్వామీ?"

ముని గడ్డం దువ్వుకున్నాడు. "పాఠం చెప్పడం వరకే నా వంతు. ఫలితం దైవాధీనం."

"పిల్లల్ని పులినోటికి పంపి దేవుడి మీదకు నెడతారా?" అని నాంచారి విసురుగా లేచి వెళ్ళిపోయింది.

కొండ కింద మాటలు వచ్చిన ముసలి ఎలుగుబంటి ఎదురైంది. "కోట కిటికీ కింద తేనెపట్టు ఉందమ్మా. అక్కడ కూచుని అన్నీ విన్నాను. వాడు ముందు తిడతాడు. ఆ తిట్టుకు 'చిత్తం' అన్నవాళ్ళు ఎవరైనా సరే, వాడి గద్దె ఉన్న గదిలో గొర్రెలైపోతారు. మీ అన్నా అంతే."

"అయితే కాసేపు నువ్వే రాక్షసుడివనుకో తాతా. సాధన చేద్దాం."

ఎలుగుబంటి బండెక్కి గర్జించింది. "ఏమే పనికిమాలినదానా!"

"చిత్తం..." నాంచారి నాలుక కరుచుకుంది. ఎన్నిసార్లు తిట్టినా అదే మాట వచ్చిపడుతోంది. ఉక్రోషంతో ఎలుగును దింపి తనే బండెక్కింది. "ఒళ్ళంతా పేలు! నీ మొహానికి తేనె కూడానా?"

"చిత్తం తల్లీ" అని ఎలుగుబంటి చేతులు కట్టేసుకుంది.

ఇద్దరూ తెల్లబోయారు. తర్వాత నాంచారి నవ్వింది. ఆ రోజంతా ఆమె బండ దిగలేదు.

మర్నాడు వంకదంతుడు ఎత్తైన గద్దె మీద కూచుని ఆమెను ఎదుట నిలబెట్టాడు.

"గంపలవాడి కూతురికి కొలువు కావలసి వచ్చిందా? పనికిమాలినదానివి కాదుటే?"

ఆ పాడుమాట నాలుక కొసకు వచ్చింది. అప్పుడే గుమ్మం దగ్గర ఒక గొర్రె కనిపించింది. దాని మెడలో ఉన్నది అన్నకు తను అల్లి ఇచ్చిన నారతాడు.

"కాను!" అని అరిచింది నాంచారి. "పనికిమాలినదాన్ని కాను!"

ఎన్నడూ అలాంటి జవాబు వినని రాక్షసుడు దిగ్గున లేచి కిందికి దిగాడు. నాంచారి ఒక్క గెంతులో గద్దె ఎక్కేసింది.

"నిలబడు! ఇప్పుడు నేనడుగుతాను. నీకేం వచ్చు? వంట వచ్చా? మంద కాయడం వచ్చా? పిల్లల్ని బెదిరించడం తప్ప ఏ పనీ రాని సోమరిపోతువి కాదూ?"

వాడికి అడగడమే అలవాటు. బదులు చెప్పడం ఎన్నడూ సాధన చేయలేదు. "చి... చిత్తం" అన్నాడు.

మరుక్షణం గద్దె ముందు వంకరపళ్ళ పొట్టేలు నిలబడింది. మందంతా మనుషులైంది. కోనప్ప చెల్లెల్ని పట్టుకుని భోరుమన్నాడు.

రాజు మేళతాళాలతో ఎదురొచ్చాడు. "ఏ కొలువు కావాలో కోరుకో తల్లీ!"

"పిల్లలు తిరిగి రాకపోతే ఒక్కసారైనా ఎందుకని అడిగారా మహారాజా?"

రాజు తల దించుకున్నాడు. కొలువులకు మనుషుల్ని ఎంచే అధికారం ఆ రోజే ఆమె చేతికి వచ్చింది. గువ్వలదుర్గంలో ఇప్పటికీ కొలువడగ వచ్చినవాళ్ళకు ముందు పీట వేసి, మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాతే ప్రశ్న అడుగుతారు. ఆ పీట మీద పరిచే గొంగడి వంకరపళ్ళ పొట్టేలు ఉన్నితో నేసిందే.