మీదే ఊరు?

ఎవరిస్తో కాఫీ తాగుతూ సాయంత్రం మాట్లాడబోయే మాటలు గొణుక్కుంటున్నాడు. అతను టౌన్ కౌన్సిల్లో సభ్యుడు. వలసవాళ్లని పట్టుకునే ప్రభుత్వ బలగాలతో కలిసి తనిఖీలు చేసేందుకు పోలీసులకి ఊరి నిధులివ్వాలా వద్దా అని ఆ సాయంత్రమే ఓటింగ్. మిగతా సభ్యులు సగం అటు, సగం ఇటు. ఎటు మొగ్గాలో తేల్చేది ఎవరిస్తో ఓటే. ఇవ్వాలనే అతని ఉద్దేశం. తప్పు చేయనివాడికి భయమెందుకని అతని వాదన. ఆ మాటకి చప్పట్లు కూడా బాగానే పడేవి.

"అమ్మా, మాడుతోంది!"

పెనం ముందున్న తల్లి యులాలియా ఉలిక్కిపడి టోర్టియా రొట్టె తిరగేసింది. మామూలుగా అయితే ఆ మాటకి పది మాటలు అంటించేది.

"ఏంటమ్మా, మూగనోము పట్టావా?"

కూతురు మారిసేలా కప్పు ఠక్కున పెట్టింది. "నేను చెప్పేస్తా నానమ్మా."

"వద్దే. మీ నాన్నకి ఇవాళ పెద్ద పనుంది."

"ఆ పెద్ద పని గురించే! నాన్నా, నిన్న బేకరీ బయట ఆ తనిఖీలవాళ్లు నానమ్మని ఆపి 'మీదే ఊరు?' అని స్పానిష్‌లో అడిగారు. సరిహద్దు నది అవతల శాన్ హసింతో అంది. వ్యానెక్కించారు. సాయంత్రం దాకా వదల్లేదు. నీకు ఫోన్ మీద ఫోన్ చేశాను."

ఎవరిస్తోకి గుర్తొచ్చింది. ఈ ఓటు కోసమే సభ్యులతో మంతనాలాడుతూ ఫోన్ నోరు నొక్కేశాడు.

"శాన్ హసింతో ఏంటమ్మా! నువ్వు పుట్టింది ఈ ఊళ్లో! అదెక్కడుందో కూడా నువ్వు చూళ్లేదు!"

"మా తాతది ఆ ఊరేగా. పిల్లనడగడానికి వెళ్లినప్పుడు మీ మామగారికి నువ్వూ ఆ పేరే చెప్పావు."

నిజమే. తమవాళ్లలో ఊరేదంటే తాతల ఊరే చెప్తారు గాని పుట్టిన ఆసుపత్రి పేరు ఎవరూ చెప్పరు.

"పుట్టింది ఇక్కడేనని చెప్పొచ్చుగా?"

"తర్వాత చెప్పాను. మాట మారుస్తున్నావన్నారు."

"పొరపాటు పడుంటారు. అందరినీ అడుగుతారు కదా..."

"బేకరీ ఓనర్ అక్కడే నిలబడ్డాడు. తెల్లాయన. ఆయన్నెవరూ అడగలేదు," అంది మారిసేలా. "తప్పు చేయనివాళ్లకి భయమెందుకంటావుగా. మరి నానమ్మ చేసిన తప్పేంటి?"

ఎవరిస్తో కప్పు పక్కన పెట్టాడు. లేచి తల్లి దగ్గరికెళ్లాడు.

"నా పేరు చెప్తే వెంటనే వదిలేసేవాళ్లు కదమ్మా!"

"వ్యాన్లో నా పక్కన కూర్చోబెట్టినామె కూడా అదే అంది. నేనే చెప్పలేదు. కౌన్సిలర్ తల్లిని పట్టుకెళ్లారంటే నలుగురిలో నీకెంత తలవంపు!" ఆమె పైటలాంటి శాలువా అంచుతో కళ్లొత్తుకుంది. "పాపం, ఆమెకి చెప్పుకోడానికి ఏ కొడుకూ లేడు. ఇంకా వాళ్ల ఆఫీసులో లోపలే ఉంది."

ఎవరిస్తోకి సిగ్గుతో చచ్చినంత పనైంది. తల్లిని అవమానించిన వాళ్లతో ఎలా మాట్లాడాలా అని ఆలోచిస్తున్నాడే గాని, ఆ రెండో ఆడమనిషి అతని ఆలోచనలోకే రాలేదు. వాళ్లకి డబ్బివ్వాలని తిరిగింది తనే.

"అమ్మా, ఈ మాట సాయంత్రం అందరి ముందూ చెప్పనా?"

"నువ్వెందుకు? నేనే వచ్చి చెప్తా. నిన్న వాళ్లు నా మాట విన్లేదు. వీళ్లయినా వింటారేమో."

సాయంత్రం హాలు కిక్కిరిసింది. ఈ ఊళ్లోనే పుట్టినా యులాలియాకి బాగా వచ్చింది స్పానిషే. కొడుకు పక్కన నిలబడి ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పాడు. బేకరీ, వ్యాను, లోపలే మిగిలిపోయిన ఆడమనిషి, అన్నీ చెప్పాడు.

చివర్లో ఆమె అంది: "నా కొడుక్కి తలవంపులని వాడి పేరు చెప్పలేదు."

అక్కడ ఎవరిస్తో తర్జుమా మధ్యలోనే ఆగిపోయాడు. హాలంతా ఎదురుచూస్తోంది.

"చెప్పరా," అంటూ తల్లి వీపు నిమిరింది.

అప్పుడు చెప్పాడు, ఏడుస్తూనే. ఓటు అడిగినప్పుడు "నో" అన్నాడు. రెండు భాషల్లోనూ ఒకటే అయిన ఆ ఒక్క మాటకి మాత్రం ఆమెకి తర్జుమా అక్కర్లేకపోయింది.