ఉప్పుదొర గడియారం

కొడవలూరు దాటి సముద్రం వైపు పోతే, తెల్లోళ్ల కాలంలో ఉప్పు పన్ను వసూలు చేసిన ఉప్పుదొర బంగళా వస్తుంది. చీకటిపడితే ఆటోవాళ్లు ఆ పక్కకే రారు. అక్కడ శవం వాసన వస్తుందట. రాత్రిళ్లు గంట మోగుతుందట... అదీ ఎప్పుడో ఆగిపోయిన గడియారంలోంచి!

చచ్చినా దొర చేయి దాన్ని వదల్లేదని ఊరంతా నమ్మింది. సముద్రంలో పడేద్దామని తీర్మానించింది.

నెల్లూరులో గడియారాలు బాగుచేసే మతీన్‌కి ఈ సంగతి తెలిసి ప్రాణం విలవిల్లాడింది. పరుగెత్తుకొచ్చి పెద్దమనుషుల కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఒక్క రాత్రి ఆగండి. దెయ్యం లేదని చూపిస్తా."

"చూపిస్తే నువ్వే తీసుకుపో. లేకుంటే పొద్దున్నే పడవెక్కిస్తాం."

కాపలా ముసలాయన పోలేరయ్య గది తాళం తీసి గొంతు తగ్గించాడు. "జాగర్త అబ్బయా... మోగని రాత్రి లేదు."

లోపల అడుగు పెట్టగానే మతీన్ ముక్కు మూసుకున్నాడు. కుళ్లు కంపు! అయినా ఫోన్ లైటు వేసి గడియారాన్ని చూడగానే ముక్కు మూసుకోవడం మరిచిపోయాడు. ఇంగ్లండు పనివాడి మహాగని చెక్క పెట్టె. పైన ఇత్తడి పిడి. గోడవైపు ఎవరికీ కనిపించని వెనక రేకు మీద కూడా తీగలూ పువ్వులూ చెక్కాడు మహానుభావుడు! ఆశగా చేయి వేశాడు. జిడ్డు... వేళ్ల మధ్య సాగింది. ఛీ!

పక్కన సన్నటి తాడు వేలాడుతోంది. చీకట్లో దొర ఆ తాడు లాగితే గంట కొట్టి టైం చెప్పేది. గడియారం ఆగినా సరే, లాగిన ఊపుకే మోగుతుంది. మతీన్‌కి అది తెలుసు. తెలిసినందుకే ఇంకా భయమేసింది — మరి లాగేదెవరు?

లైటు ఆర్పి, అక్కడున్న చేపలగంప పక్కన నక్కి కూర్చున్నాడు. సముద్రం హోరు... ఆ తర్వాత చప్పరింపు... ఎవరో నాకుతున్నట్టు...

టంగ్... టంగ్... టంగ్...

"యా అల్లా!" గభాల్న లైటు వేశాడు.

పందికొక్కు! పిల్లి అంత పందికొక్కు తాడు కొసను నోట కరిచి లాగి లాగి చీకుతోంది. గంప ఎత్తి దాని మీద బోర్లించాడు. తాడు వాసన చూశాడు. చేపనూనె! పడవ చెక్కలకు పూసేదే, మురిగిపోయింది. పెట్టె వెనక తలుపు తీస్తే, నల్లటి జిడ్డులో ఇత్తడి చక్రాలు, వాటి మధ్య ఊరిపోయిన బొద్దింకలు. మతీన్ కిటికీలోంచి తల బయటికి పెట్టి భళ్లున కక్కాడు. ఇంతకంటే దెయ్యమే నయం అనిపించింది.

అయినా వదల్లేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కిరసనాయిలుతో తెల్లవార్లూ కడిగాడు. పొద్దున్నే మహాగని ఎర్రగా మెరిసింది. గంప బయటికి ఈడ్చి ఊరివాళ్లకు పందికొక్కును చూపించాడు. అందరూ పడీపడీ నవ్వి, తీసుకుపొమ్మన్నారు.

సంబరంగా లోపలికి వచ్చాడు. గుమ్మంలోనే మళ్లీ గుప్పుమంది... అదే కంపు.

గడియారం దగ్గర పోలేరయ్య, చేతిలో ఖాళీ డబ్బా.

"రాత్రి కూడా మోగింది గదా అబ్బయా," అన్నాడు భయంభయంగా. "మోగినప్పుడల్లా దొర శాంతిస్తాడని నేనే చేపనూనె పూస్తా. నువ్వు బో జడుసుకున్నావని ఈసారి డబ్బా అంతా పోసినా."