పక్కగదిలో అడిగిన మాట

"నా ఇల్లు నేనే వదిలేశానంటున్నారు. వదల్లేదు. ఈ చిక్కు నువ్వే విప్పాలి."

వలసపాలన నాటి చెస్టర్ కౌంటీలో భూముల తగాదాలు ఆరా తీసి బతికే ఒబదయా క్రిస్ప్ ఎదుట ఆ క్వేకరు ముసలమ్మ తలెత్తి నిలబడింది. పేరు మెహిటబెల్ యార్నాల్. దేవుడికి తప్ప ఎవరికీ వంగని మతం వాళ్లది. గవర్నరునైనా నువ్వనే అంటారు. క్రిస్ప్ ఏమీ నొచ్చుకోకుండా కుర్చీ చూపించాడు.

ఆమె భర్త ఏమస్ మంచం పట్టినప్పుడు పొలం, ఇల్లు తమ్ముడి కొడుకు కేలబ్ పేర రాసి కన్నుమూశాడు. చట్టప్రకారం భార్య బతికినంతకాలం మూడోవంతు ఆమెదే. అది చేతులు మారాలంటే జడ్జి ఆమెను ఒంటరిగా పక్కగదిలోకి పిలిచి, ఎవరి బెదిరింపూ లేకుండా వదులుకుంటున్నావా అని అడగాలి. ఆమె సరేనంటే తప్ప ఆ ఇంట్లోంచి కదపడానికి వీల్లేదు. అలా అడిగాననీ, సరేనందనీ ఆమె ముఖమెరుగని నది అవతలి జడ్జి, జస్టిస్ వింటర్‌బోర్న్ పత్రం మీద సంతకం చేశాడు. కేలబ్ సోమవారంలోగా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.

ఆమె వెళ్లగానే అసిస్టెంటు టోబియాస్ పెదవి విరిచాడు. "అప్పుడు ఊఁ అని, ఇప్పుడు మనసు మార్చుకుందేమో, సార్!"

"కావచ్చు. జడ్జి లంచం తిన్నాడేమో కూడా. పద, అడుగుదాం."

వింటర్‌బోర్న్ కస్సుమన్నాడు. "నేనా లంచం తినేది? తలుపు వేసి మరీ అడిగానయ్యా!"

"మనిషిని చూశారా?"

"బూడిదరంగు గౌను, కళ్లదాకా దించిన బోనెట్టు టోపీ. ముఖం ఏం కనిపిస్తుంది? మర్యాదస్తురాలు మాత్రం! గుమ్మంలోనే మోకాళ్లు వంచి నమస్కరించింది. ఈ రోజుల్లో నన్నెవరు అంత గౌరవిస్తున్నారు?"

క్రిస్ప్ నవ్వు ఆపుకున్నాడు. "శనివారం యార్నాల్ ఇంటికి దయచేయండి. జరీ కోటు, విగ్గు మరిచిపోకండి."

టోబియాస్‌కి తలా తోకా తెలియలేదు.

శనివారం ఆ ఇంటి హాల్లో మెహిటబెల్, కేలబ్, ముగ్గురు క్వేకరు పెద్దలు కూర్చున్నారు. కేలబ్ ఇల్లు చూసుకునే డార్కస్ కూడా ఉంది. దొరల ఇళ్లలో ఏళ్ల తరబడి పనిచేసి ఈ మధ్యే ఆ మతంలో చేరిన మనిషి. ఆడవాళ్లిద్దరివీ బూడిద గౌన్లే.

"పత్రం చూశావుగా! ఇంకా ఏం తవ్వుతావు?" అని కేలబ్ విసుక్కున్నాడు.

అంతలో తలుపు తోసుకుని వింటర్‌బోర్న్ దర్జాగా లోపలికొచ్చాడు. పెద్దలు టోపీలైనా తీయలేదు. డార్కస్ ఒక్కతే చటుక్కున లేచి, గౌను పట్టుకుని మోకాళ్లు వంచింది. వంచాక తన కొత్త మతం గుర్తొచ్చి పాలిపోయింది.

"అచ్చం ఇలాగే వంగింది!" అన్నాడు జస్టిస్.

"సాయం కోరి వచ్చిన రోజు కూడా ఈ పెద్దావిడ నాకు వంగలేదు," అన్నాడు క్రిస్ప్. "మీకు వంగిందనగానే వచ్చింది వేరే మనిషని తెలిసింది. గౌను ఎవరైనా తొడుక్కోవచ్చు. అలవాటును దాచడమే కష్టం. డార్కస్, కేలబ్ నీకు ఏమిస్తానన్నాడు?"

"నోరు మూసుకో!" అని కేలబ్ అరిచాడు.

"పెళ్లి చేసుకుంటానన్నాడు... ఈ ఇంటికి నన్నే యజమానురాల్ని చేస్తానన్నాడు!" అంటూ ఆమె భోరుమంది. ముసలమ్మను అనుమానించినందుకు టోబియాస్ సిగ్గుతో తల దించుకున్నాడు.

వింటర్‌బోర్న్ ముఖం కందగడ్డయింది. మెహిటబెల్‌ను పక్కగదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

"బోనెట్టు పైకెత్తమ్మా, ముఖం చూడాలి. నీ వంతు ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నావా?"

"వదులుకోను."

ఆ మాట తలుపు దాటి హాల్లో అందరికీ వినిపించింది.