కారా-బెల్ మీద పిలుపు

కారా-బెల్ కనుమ దాటి తాష్-బులాక్ ఊరి వైపు దిగుతుంటే రెండో మలుపులో ఒక రాతి ఇల్లు కనిపిస్తుంది. కప్పు సగం కూలింది. తలుపు లేదు. గుమ్మం ముందు రెండు కొయ్యల మధ్య ఒక రైలు పట్టా ముక్క గొలుసుతో వేలాడుతుంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా అక్కడ ఎవరూ బండి ఆపరు. గుర్రాలు ఆ మలుపుకి రాగానే చెవులు వెనక్కి వాలుస్తాయి. పాత ఇనుము కోసం సమాధుల చుట్టూ ఉన్న కంచెలు కూడా పీక్కుపోయే దొంగలున్నారు మా దగ్గర — వాళ్ళు కూడా ఆ పట్టా జోలికి పోలేదు.

పూర్వం ఆ ఇంట్లో దారి కాపలావాడు, అతని పెళ్ళాం కాల్బూబూ ఉండేవాళ్ళు. మంచు తుఫాను లేచినప్పుడు సుత్తితో ఆ పట్టాని కొడుతూ ఉండటం వాళ్ళ పని. కళ్ళు పనిచెయ్యని చోట చెవులే దారి. ఆ మోత పట్టుకుని ఇల్లు చేరినవాళ్ళు చాలామంది.

ఒక చలికాలం కాల్బూబూ చెవిలో ఎవరో ఊదారు — నీ మొగుడు కనుమ అవతల ఒకతెని ఉంచుకున్నాడని. నిజమో అబద్ధమో దేవుడికెరుక. అతను అవతలి నుంచి తిరిగి వచ్చే రోజునే తుఫాను లేచింది. ఆమె సుత్తి ముట్టుకోలేదు. దాని దగ్గరే ఉండిపోనీ అని పొయ్యి ముందు కూర్చుంది. చాలా పొద్దుపోయాక మనసు కరిగి గుమ్మంలోకి వచ్చింది. అప్పటికి గుమ్మం పక్కనున్న సుత్తిని మంచు మింగేసింది. పోనీ పిలుద్దామంటే... మొగుడి పేరు ఎలా పలుకుతుంది? మా ఆడవాళ్ళు మొగుడి పేరు, అత్తింటి పెద్దల పేర్లు నోట పలకరు. తరాల నాటి కట్టు. "ఓయ్... ఓయ్..." అని అరిచింది. ఆ గాలిలో ఆ మాట గాలి కూడా అంటుంది.

మంచు కరిగాక దొరికాడు. గోడ పక్కనే. ఒక చెయ్యి గోడకి ఆనించి.

ఆ తర్వాత ఆమె నోటి కట్టు తెగిపోయింది. దారిన పోయే ప్రతి మగాణ్ణీ పేరు పెట్టి పిలిచేది. ఎన్నడూ చూడని వాళ్ళని కూడా... పేర్లు ఎవరు చెప్పేవారో ఏమో. కొన్నాళ్ళకి ఆమె కూడా మంచులో కనపడకుండా పోయింది. ఇప్పటికీ తుఫాను రాత్రుల్లో పట్టా దానంతటదే మోగుతుందంటారు. ఆడగొంతు పేరు పెట్టి పిలుస్తుందంటారు. ఆ పిలుపు వెంట పోయినవాడు లోయలో తేలతాడంటారు.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. మొగుడు పోయాక ఇదే రోడ్డు మీద పార పట్టి మంచు ఎత్తి పిల్లల్ని పెంచినదాన్ని. నేను భయపడేది అసూయకి. అది మనిషిని బతికుండగానే పీక్కుతింటుంది. పోయిన చలికాలం రిస్బెక్‌కి జరిగింది చెప్తాను. కొంత కళ్ళారా చూశాను. కొంత వాళ్ళ నోటి వెంట విన్నాను.

ఆ వారమంతా తుఫాను వస్తోందన్న మాటే. ఫోన్లలో హెచ్చరికలు. నారిన్ పట్నం బజారులో పిండి బస్తాల కోసం తోపులాట. కాపరులు మందల్ని ముందే కిందికి తోలుకొచ్చారు. నా ఎడమ మోకాలు ఫోన్ల కంటే ముందే చెప్పింది. ఆ రోజు పొద్దున గాలి ఊపిరి బిగబట్టింది. ఆకాశం విరిగిన పాలలా ఉంది. మధ్యాహ్నం రోడ్డు వాళ్ళు వచ్చి, కనుమకి ఇవతల నా టీ దుకాణం పక్కనున్న గేటు దించి తాళం వేశారు. మళ్ళీ ఎప్పుడు తీస్తారని అడిగితే, పైవాడు తీసినప్పుడు అని నవ్వి వెళ్ళిపోయారు.

దుకాణం నిండిపోయింది. లారీల వాళ్ళు, షేర్ కార్ల వాళ్ళు, పిల్లల తల్లులు. పొయ్యిలో పిడకలు, పైన మాంసం సూపు, చేతుల్లో టీ గిన్నెలు. ఇక్కడే పడుకోవాలని తెలిశాక మనుషులు మెత్తబడతారు. జోకులు మొదలయ్యాయి.

రిస్బెక్ కూడా వాళ్ళలో ఉన్నాడు. తాష్-బులాక్ వాడే. నారిన్‌కీ ఊరికీ మధ్య కారు తిప్పుతాడు. మంచివాడు, కష్టజీవి. ఒక్కటే రోగం. వాడి పెళ్ళాం జిపార్‌ని వాడికంటే ముందు మెదెత్ అడిగాడు — ఊళ్ళో ట్రాక్టర్ నడిపేవాడు. ఆమె వాళ్ళు దాదాపు సరేనన్నారు కూడా. చివరికి ఆమె రిస్బెక్‌ని చేసుకుంది. మెదెత్ ఇంకా పెళ్ళి చేసుకోలేదు. ఆ పిల్ల మెదెత్‌ని ఎంత వద్దనుకుందో ఊరంతా చూసింది, ఒక్క మొగుడు తప్ప.

గేటు పడకముందు ఆఖరుగా అటు నుంచి వచ్చిన డ్రైవర్ జోల్దోష్. నోటికి గేటు లేని మనిషి. టీ ఊదుకుంటూ రిస్బెక్ వైపు చూసి అన్నాడు.

"నువ్వేం దిగులుపడకు తమ్ముడూ. మీ ఇల్లు వెచ్చగానే ఉంది. గుమ్మం ముందు మెదెత్ ట్రాక్టర్ నిలబడి ఉంది. నేను వచ్చేటప్పుడు ఉంది... బయట మనిషి మాత్రం కనపళ్ళేదు."

ఎవరో నవ్వారు. రిస్బెక్ నవ్వలేదు. గిన్నె కింద పెట్టాడు. నిండా టీ ఉంది.

నేను వాడి వెనకే బయటికి వెళ్ళాను. కారులో కూర్చుని చేతి తొడుగులు వేసుకుంటున్నాడు. ముఖం చూస్తే తెలిసింది — వాడికి ఆకాశం కనపడటం లేదు. వాడి కళ్ళలో ఒక ట్రాక్టరే ఉంది.

"దిగరా," అన్నాను. "అది బొగ్గు తెచ్చిన ట్రాక్టరై ఉంటుంది. తుఫాను ముందు ఏ ఇంటికి బొగ్గు రాదు?"

"బొగ్గు దింపడానికి అంతసేపా పెద్దమ్మా?"

"మీ అమ్మ టీ ఇచ్చి కూర్చోబెట్టుంటుంది. మనం ఇంటికొచ్చినవాణ్ణి ఖాళీ కడుపుతో పంపుతామా?"

"అదే నేనూ అంటున్నా," అన్నాడు. "కూర్చోబెట్టి ఉంటారు."

గేటు పక్కన వాగులోంచి ఒక కారు పట్టేంత దారి ఉంది. అందులోంచి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. వెనక దీపాలు మొదటి వంపు దాటకముందే మొదటి మంచు రేణువు నా పెదవి మీద పడింది. మెత్తగా లేదు. ఉప్పుగల్లులా గుచ్చుకుంది.

లోపలికొచ్చి జోల్దోష్‌ని తిట్టాల్సినన్ని తిట్లు తిట్టి, జిపార్‌కి ఫోన్ చేశాను. నీ మొగుడు గేటు దాటాడని చెప్పాను. ఎందుకు దాటాడో చెప్పలేదు. ఆమె అడగలేదు. మాట పూర్తి కాకముందే లైను పోయింది.

ఇక్కడి నుంచి విన్నదే చెప్తున్నాను.

రిస్బెక్ కనుమ పైకి చేరాడట. దిగడం మొదలుపెట్టాడు. అప్పుడు లేచింది గాలి. పైనుంచి మంచు, కిందినుంచి మంచు, అద్దం ముందు గోడ. దీపాలు వేస్తే ఆ గోడ ఇంకా తెల్లబడింది. ఏదో మలుపులో కారు పక్కకి జారి, దిబ్బలో ముక్కు పెట్టి ఆగిపోయింది. ఏ మలుపో తెలీదు. ఎటు చూసినా ఒకటే.

చీకటి పడింది. ఇంజను దగ్గి దగ్గి చచ్చిపోయింది. కారులో చలి మెల్లగా లోపలికి వచ్చి కూర్చుంది — ప్యాసింజరులా.

అప్పుడు వినపడింది.

టంగ్...

కాసేపు గాలి. మళ్ళీ — టంగ్... టంగ్...

ఏ మలుపులో ఉన్నాడో అప్పుడు తెలిసింది. తల మీద టోపీ కింద వెంట్రుకలు లేచాయట. రెండో మలుపు. ఆ ఇల్లు.

చెవులు మూసుకున్నాడు. తెలిసిన ప్రార్థన సగం వరకే గుర్తొచ్చింది. మోత ఆగలేదు. ఒకసారి గట్టిగా, ఒకసారి నీరసంగా... చెయ్యి నొప్పి పుట్టినవాళ్ళు కొట్టినట్టు. దెయ్యానికి చెయ్యి నొప్పి ఏమిటి అన్న ఆలోచన వాడికి రాలేదు. భయపడ్డవాడికి అంత తెలివి ఉండదు.

తర్వాత గొంతు వచ్చింది.

"రిస్బెక్..."

ఆడగొంతు.

"రిస్బెక్... ఇటు..."

మా ఊళ్ళలో పెళ్ళాం మొగుణ్ణి పిల్లవాడి తండ్రీ అంటుంది, ఏమండీ అంటుంది, కోపమొస్తే ఏమీ అనదు. చచ్చినా పేరు పెట్టి పిలవదు. ఈ కొండ మీద, ఈ చీకట్లో తన పేరు పెట్టి పిలిచే ఆడది ఇంకెవరు?

తలుపు తన్ని దిగాడు. పిలుపుకి ఎదురు దిక్కు పట్టుకుని నడిచాడు. మోకాలి లోతు, నడుము లోతు. మోత వెనకబడుతుంటే కొంచెం ధైర్యం వచ్చింది. ఇంకో అడుగు వేశాడు...

కాలి కింద ఏమీ లేదు.

వెల్లకిలా పడి, రెండు చేతులూ మంచులో గుచ్చి ఆగాడు. కింద ఎక్కడో పెద్ద మంచు పెళ్ళ ఒకటి జారిపోయిన చప్పుడు. చాలాసేపు జారింది.

అలా పడుకుని ఉండగా వాడికి ఏం గుర్తొచ్చిందో తెలుసా? దేవుడు కాదు, తల్లి కాదు. మెదెత్. తన పొయ్యి ముందు, తన పరుపు మీద, తన గిన్నెలో టీ తాగుతున్న మెదెత్. నేను ఇక్కడ చస్తే వసంతం రాకముందే వీడు నా ఇంట్లో టోపీ తగిలిస్తాడు అనుకున్నాడట. అనుకోగానే ఒళ్ళు వేడెక్కిందట. వాణ్ణి లోయ అంచుకి తెచ్చింది అదే అసూయ. ఈసారి వెనక్కి పాకించింది కూడా అదే.

దెయ్యమైతే అయింది, దానికి కనీసం నాలుగు గోడలున్నాయి అనుకుని మోత వైపు తిరిగాడు.

టంగ్... టంగ్...

"రిస్బెక్... రా..."

చేతులు చాచి, గుడ్డివాడిలా. గొంతు దగ్గరైంది. చెవి పక్కనే అన్నంత దగ్గరైంది. చెయ్యి దేనికో తగిలింది — రాయి. గోడ. గోడ పట్టుకుని మూల తిరిగాడు.

పసుపు వెలుతురు. ట్రాక్టర్. దాని దీపాల ముందు ఒక మనిషి రెండు చేతుల్తో పెద్ద పానా ఎత్తి ఆ పట్టాని బాదుతోంది. శాలువా గడ్డకట్టి పలకైపోయింది. తొడుగులు చిరిగి వేళ్ళు బయటికొచ్చాయి.

జిపార్.

పక్కన లాంతరు పట్టుకుని మెదెత్.

చావులోంచి లేచి వచ్చిన మనిషి పెళ్ళాంతో మొదట ఏమనాలి? వీడేమన్నాడో వినండి.

"వీడితో వచ్చావా?"

జిపార్ పానా వదిలేసింది. మెదెత్ లాంతరు పైకెత్తి వీడి ముఖం చూశాడు.

"ఈవిడ నాతో రాలేదురా. నేనే ఈవిడతో వచ్చాను. రానంటే ఆ పానా నా నెత్తిన పడేది."

అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడిందట — పొద్దుగూకే వేళ పరాయి మగాడి పక్కన కూర్చుని పోతే ఊరు ఏమనుకుంటుందని. బతికున్నవాళ్ళ మీదే మాటలు పడతాయి అత్తమ్మా, ఆయన బతికొస్తే పడనివ్వండి అందట జిపార్. కనుమ మీది ఆ రాతి ఇంటి దాకా వచ్చేసరికి ట్రాక్టర్ ఇక కదలనంది. అప్పుడు దిగి పానా పట్టుకుంది.

ఇరుకు క్యాబిన్‌లో ముగ్గురూ తెల్లవారేదాకా కూర్చున్నారు. మధ్యలో రిస్బెక్. చావు తప్పినా ఆ జాగ్రత్త మాత్రం తప్పలేదు.

ఇంతేనా, అంటారు మీరు. నేనూ ఇంతే అనుకున్నాను.

గేటు తీశాక ముగ్గురూ నా దుకాణానికి వచ్చారు, కారుకి విడిభాగాలు కొనడానికి నారిన్ పోతూ. జిపార్ చేతులకి కట్లున్నాయి. రిస్బెక్ ఆమె గిన్నె తనే పట్టుకుని తాగిస్తున్నాడు. మెదెత్‌కి రొట్టె కూడా వాడే విరిచి ఇచ్చాడు. బుద్ధి వచ్చిందిలే అనుకున్నాను.

"పెద్దమ్మా," అన్నాడు సిగ్గుపడుతూ, "ఆ పట్టా మోతకి నేను రాలేదు. ఈవిడ నన్ను పేరు పెట్టి పిలిచింది. మొదట దెయ్యమనుకున్నా. మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి... అది చాలు నాకు."

జిపార్ గిన్నె మీంచి మూతి తీసేసింది.

"నేను పిలవలేదు."

"ఫరవాలేదు. ఇక్కడ మా అమ్మ లేదుగా."

"నేను పిలవలేదండీ. పిలుద్దామనే దిగాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అందుకేగా పానా తీసుకుంది."

రిస్బెక్ మెదెత్ వైపు చూశాడు. మెదెత్ రొట్టె నమలడం ఆపాడు.

"పక్కనే నిలబడ్డాను," అన్నాడు నెమ్మదిగా. "ఈవిడ ఒక్క మాట కూడా అనలేదు."

పొయ్యిలో పిడక విరిగింది. నా చేతిలో గరిటె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

జిపార్ మొగుడి ముఖంలోకి చూస్తోంది. ఆ చూపు నేను ఇంతకు ముందు చూశాను — అదే గేటు దగ్గర, కారు అద్దం వెనక, వాడి కళ్ళలో.

"ఎలా ఉంది ఆ గొంతు?" అంది.

వాడు మూర్ఖుడు. నిజం చెప్పాడు.

"మెత్తగా... చాలా కాలంగా నన్ను ఎరిగినట్టు."

"మీ పేరు దానికెవరు చెప్పారు?"

వాడు తన చేతిలో ఉన్న ఆమె గిన్నె కింద పెట్టాడు.

ఈ చలికాలం మళ్ళీ తుఫాను కబుర్లు మొదలయ్యాయి. తాష్-బులాక్ నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు — హెచ్చరిక వచ్చిన ప్రతి సాయంత్రం జిపార్ గుమ్మంలో నిలబడి, అత్త వింటుండగానే, మొగుణ్ణి పేరు పెట్టి గట్టిగా పిలుస్తుందట. ఊరంతా నవ్వుతున్నా ఊరుకోదు. ఇంకెవరూ తనకంటే ముందు పిలవకూడదని. అతను లోపలి నుంచి పలికాకే గడియ వేస్తుంది.

మొన్న గాలి లేచిన సాయంత్రం ఒక్కసారే పిలిచిందట.

అతను రెండుసార్లు పలికాడు.