ముప్పైరెండో క్వార్టరులో ఆదివారం భోజనం

హార్బరు వెనక క్వార్టర్లలో ముప్పైరెండో నంబరు మంచిది కాదు. అలాటైనవాళ్లెవరూ నెల నిలవలేదు. ఒకాయనకి పక్షవాతం వచ్చింది. ఇంకొకాయనకి ప్రమోషనొచ్చి బదిలీ అయింది. రెండూ దెయ్యం పనే అన్నారు. ఇల్లు ఖాళీగా పడి ఉంటే వెనక కిటికీ ఊచలు ఎవరో పీకి అమ్ముకున్నారు... అది మాత్రం దెయ్యం పని అని ఎవరూ అనలేదు.

1979 సంగతి. నేనప్పుడు పోర్టు ఆఫీసులో గుమస్తాని. ఇది నాకు చెప్పినవాడు తవిటయ్య. పోర్టులో ఖలాసీ. ఆ ఇంటికి రెండిళ్లవతలే కాపురం.

అతని కూతురు నూకాలుకి పద్దెనిమిదేళ్లు. ఇంటరు చదువుతూ ఉన్నట్టుండి మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. మాట లేదు, స్నానం లేదు. కంచం పెడితే తోసేసేది. డిస్పెన్సరీ డాక్టరు పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుకి చూపించమని చీటీ రాసిచ్చాడు. తల్లి జోగమ్మ ఆ చీటీని బియ్యం డబ్బా అడుగున దాచేసింది.

"దెయ్యమంటే నలుగురూ జాలి పడతారు. పిచ్చంటే జల్మంతా గుర్తెట్టుకుంటారు," అంది.

భూతవైద్యుడొచ్చాడు. ముప్పైరెండులోదే పట్టింది అన్నాడు. పదకొండు ఆదివారాలు పిల్లకి దిగదుడుపు తీసి, ఆ అన్నం ఆ ఇంటి వెనక కిటికీలో పెట్టాలి. పెట్టినవాడు వెనక్కి చూడకూడదు. వీధి చివర కుళాయి దగ్గర కాళ్లు కడుక్కునే ఇంటికి రావాలి. అంతసేపూ తల్లి దేవుడి మూల కళ్లు మూసుకుని కూర్చోవాలి. అప్పటికీ వదలకపోతే— పిల్లకి వాతలే.

దెయ్యం బాగా తింది. ఎర్రన్నం, ఉడికిన గుడ్డు, కాల్చిన ఎండు చేప... తెల్లారేసరికి ఆకు శుభ్రం. జోగమ్మ సంతోషించి రెండో గుడ్డు కూడా పెట్టసాగింది. నూకాలు మాత్రం ఇంట్లో నాలుగు గుక్కల గంజి తప్ప ముద్ద ముట్టలేదు.

పదో ఆదివారం. రాత్రి ఎనిమిది. కరెంటు లేదు. తవిటయ్య ఆకు పెట్టాడు. తిరిగాడు. పదడుగులు వేశాడో లేదో చెప్పు తెగింది. వంగాడు.

వెనక ఏదో... నములుతోంది.

కరకర. ఆగింది. మళ్లీ కరకర...

చూడకూడదు. కానీ ఇంకొక్క ఆదివారమే ఉంది. ఆ తరవాత వాతలు. దెయ్యం కాళ్లే పట్టుకుందామనుకున్నాడు. తిరిగాడు. కిటికీలో నల్లగా ఒక ఆకారం—

"మా పిల్లని ఒగ్గీ తల్లీ..." చేతులు జోడించాడు.

నమలడం ఆగింది. చీకట్లోంచి, సన్నగా—

"గుడ్డుకి ఉప్పు సాల్లేదు నాన్నా."

తవిటయ్య వెనక్కి వచ్చి కిటికీ కింద కూర్చున్నాడు.

"మన పెరటి తలుపులోంచి వొచ్చీసినావేటి? ఇంట్లో తినొచ్చు గదే."

"ఇంట్లో నాను తింతన్నంతసేపూ అమ్మ సూస్తాది. నువ్వూ సూస్తావు. ఇక్కడైతే పెట్టినోలు ఎనక్కి సూడరు."

అతను మొహం వీధివైపు తిప్పుకున్నాడు.

"తిను."

కరకర... ఎండు చేప అయింది. రెండో గుడ్డు కూడా అయింది.

"బయమేసిందేటి నాన్నా?"

"దెయ్యమనుకున్నప్పుడు కూసింత. నువ్వని తెలిసినాక సానా."

నూకాలు ఆకు తుడిచి వేళ్లు నాకింది.

"రేపు ఆ డాక్టరుకాడికెల్దామా?" అన్నాడు, అటే చూస్తూ.

"ఎవులైనా అడిగితే?"

"దెయ్యానికి ఒంట్లో బాగులేదంతాను."

మర్నాడు బస్టాపులో, పెద్దాసుపత్రికి ఎందుకని అడిగారు. అతను ఆ మాటే చెప్పాడు. ఒక్కరూ నవ్వలేదు. దెయ్యానికి జ్వరమా, కడుపునొప్పా అని ఒకాయన వివరంగా అడిగాడు కూడా.

బస్సు వచ్చింది. నూకాలు ఎక్కింది. తవిటయ్య మెట్టు మీద కాలు పెట్టేసరికి వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకు లాగారు. పక్కింటి చిలకమ్మ. అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వచ్చింది.

"అన్నియ్యా... మా పెద్దోడికీ పట్టింది, రెండేళ్లయింది. ఎవులికీ సెప్పలేదు. ఆ డాక్టరు ఏ వారాల్లో కూకుంటాడు?"